ఆళ్లగడ్డ మిద్దెలో అమెరికా గడ్డి బీళ్లు

మీ టీచరమ్మ చెప్పకముందే, మీ అమ్మ పుట్టకముందే ఆ లారా నాకు తెలుసు. నవ్వొద్దు మే. టెక్సాసులో మీ బళ్లో ఇచ్చినారని ఆ పుస్తకం సంచిలో పెట్టుకోని పండక్కి ఇంత దూరం మోసుకొచ్చినావు గాని, ఆ అమ్మి కథ నేను ఆళ్లగడ్డలో మా బడి వేపచెట్టు కింద కూచోని విన్నా. 1963, 64 నాటి మాట. ఆ కట్టె ఇంత లోపలికి తొయ్యి అబ్బీ, పొగ నా దిక్కే వస్తాంది. ఆఁ, చాలు.

అప్పుడు మధ్యాన్నం మాకు బళ్లో ఉప్మా పెడతాండ్రి. అమెరికా గోధుమ నూక ఉప్మా. నూక సంచుల్లో వస్తాండె. సంచి మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ, దాని మీద చుక్కలు, చారలు, ఇది అమ్మేది గాదని ఇంగ్లీషులో రాత. సంచి ఖాళీ అయితే దానికి ఎంత గిరాకీ అనుకున్యారు! మా వీధిలో పిల్లోళ్ల నిక్కర్లు ఆ గుడ్డతో కుట్టినవే. ముందుకు వంగితే ఎనక అమెరికావాళ్ల చేతులు కనపడతాండె. అమెరికా 1954లో ఒక చట్టం చేసింది, పి.ఎల్. 480 అంటారు. వాళ్లకు మిగిలిన గోధుమలు ఓడల్లో మన దేశానికి దిగుతాండె. బడి పిల్లోళ్ల కోసం కేర్ సంస్థోళ్లు నూక, పాలపొడి పంపుతాండ్రి. కొర్రన్నం, జొన్న రొట్టె తినే ఇండ్లు మావి. గోధుమ అంటే పూరీ, పూరీ అంటే పెండ్లి. అట్లాంటిది దినామూ గోధుమ ఉప్మా తింటాంటిమంటే రాజులమే గదా.

మా ఇంగ్లీషు అయ్యవారి దగ్గర ఒక పుస్తకం ఉండె. మద్రాసు పోయినప్పుడు తెచ్చుకున్యాడో, ఎవరన్నా ఇచ్చినారో. ఉప్మా తినేటప్పుడు మేము గలాటా చేస్తాంటే, "ఈ నూక పండిన నేల ఎట్లుంటదో చెప్తా, మెదలకుండా తినండిరా" అని ఆ పుస్తకం తీసె. ఒక పుట కండ్లతో చదువుకునేది, వేలు అడ్డం పెట్టి మూసేది, మన మాటల్లో చెప్పేది. నాయన పేరు చార్లెస్, అమ్మ కారలైన్, బిడ్డలు మేరీ, లారా, చంటిది క్యారీ, జాక్ అని ఒక కుక్క. పైన గుడ్డ కప్పిన గుర్రబ్బండిలో ఇల్లంతా ఏసుకోని, అమెరికా నడిమధ్య కాన్సాస్ అనే తావుకు పోతారు. చెట్టు ల్యా, గుట్ట ల్యా, యాడ జూసినా గడ్డి. మాకు అది అర్థమయ్యిందంటే కుందూ ఏటి వారన రేగడి చేలు చూసిన కండ్లు గాబట్టి. జొన్న ఏపుగా లేచినప్పుడు చేలో ఎద్దు నిలబడితే కొమ్ములు గూడా కనపడవు. అయితే మనకు తూర్పున నల్లమల అడ్డం ఉంటది. వాళ్లకు ఆ అడ్డం గూడా ల్యా.

దాంట్లో బావి తవ్వే కథ ఉంది చూడు, అది మాత్రం నువ్వు చదివింది వేరు, మేము విన్నది వేరు. ఎందుకో చెప్తా.

మన ఇండ్లల్లో అప్పుడు పాతరలుండె. దొడ్లోనో, వీధిలోనో నిలువు లోతు దాటి గుంత తవ్వి, లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి మూసేది. వాన నీళ్లు దిగకుంటే ఏండ్లకేండ్లు పురుగు పట్టదు. కరువొస్తే అదే బ్యాంకు. కానీ తెరిచిన వెంటనే దిగగూడదు. లోపల ఆవిరి మనిషిని కొడతది. మూత తీసి, గాలాడనిచ్చి, తాడుకు లాంతరు కట్టి దింపి, దీపం ఆరకుండా ఉంటేనే దిగాల. ఒకసారి మా వీధిలో ఒక పడుచు పిల్లోడు, వాని పేరెందుకులే, "మాకు తెలీదా" అని దిగె. గంప పైకి రాలా. పిలిస్తే పలకలా. మా నాయన ముక్కుకు తడి తువ్వాల కట్టుకోని, నడుముకు మోకు కట్టించుకోని దిగి, వాణ్ణి మోకుకు కట్టి పైకి పంపె. మాయమ్మ ఏడ్చుకుంటా, తిట్టుకుంటా, ఆడోళ్లందరితో కలిసి ఆ మోకు లాగె. వాడు బతికె. నెల దినాలు ఎవరి మొకమూ చూడలా.

ఇంగ ఆ పుస్తకంలో చూడు. లారా వాళ్ల నాయన, పక్కింటి స్కాట్ అనేటాయన కలిసి బావి తవ్వుతాంటారు. నాయన దినామూ పొద్దున కొవ్వొత్తి ముట్టించి లోపలికి దింపి చూసి గాని దిగడు. స్కాటుకు అది చాదస్తం. ఒకనాడు నాయన రాకముందే స్కాట్ దిగె అని అయ్యవారు చెప్తాండాడో లేదో, మేమంతా ఒక్కసారి "దీపం దింపలా సార్!" అని అరిస్తిమి. అయ్యవారు బిత్తరపోయి పుస్తకం దిక్కు చూసె. అంతవరకు ఆయన ఆ కథ మాకు చెప్తాండె, ఆపైన మేము ఆయనకు చెప్తిమి. కారలైన్ వద్దు వద్దని మొత్తుకోవడం, చార్లెస్ దిగడం, ఆమె రాట్నం తిప్పి స్కాటును పైకి లాగడం, అంతా మాయమ్మే. చార్లెస్ బావిలోని చెడ్డగాలిని పోగొట్టేదానికి తుపాకి మందు ఏసి పేల్చినాడంట. అది మాకు తెలీని ఉపాయం. తెలిసింటే మా వీధిలో ఒక్క పాతర గూడా మిగిలేది గాదు.

చలిజ్వరం కథ గూడా అంతే. ఏటికి దగ్గర్లో ఇల్లు కట్టుకోని, ఇంటిల్లిపాదీ వణుక్కుంటా పడిపోతారు. నీళ్లిచ్చే దిక్కుండదు. పక్కింటామె పుచ్చకాయలు తిన్నందుకే ఆ జ్వరమని అంటది. మాయమ్మ సీతాఫలాలు తింటే వస్తదంటాండె. నల్లమలలో అవి పండే కాలమూ దోమలు ముసిరే కాలమూ ఒకటే గదా, పాపం పండు మీద పడె. లారా వాళ్లను కాపాడింది టాన్ అని ఒక నల్లజాతి డాక్టరు. కథలో పేరు గాదు, నిజం మనిషి. ఆయన మింగించింది కొయినానే. మాకు ఆళ్లగడ్డలో ఇచ్చిందీ ఆ చేదు బిళ్లలే.

మా అయ్యవారు బదిలీ అయ్యి పోతా పోతా ఆ పుస్తకం నాకిచ్చిపోయె. డిక్షనరీ పక్కన పెట్టుకోని, ఎండాకాలం సెలవుల్లో మిద్దె మీద పండుకోని చదివినా. తరువాత నంద్యాలలో చదువుకోని, ఆన్నే ఇంగ్లీషు టీచరయ్యి, ఆమె పుస్తకాలు దొరికినవన్నీ ఒక్కొక్కటే తెచ్చుకుంటి. తన కథ తానే రాసుకున్న ఆ లారా 1867లో పుట్టె. మొదటి పుస్తకం అచ్చయ్యింది 1932లో, అంటే అరవై ఐదో ఏట. నాకన్నా చిన్నదే, అయినా ముసలిదే. చలిమంట దగ్గర పిల్లోళ్లకు చెప్పుకోవాల్సినవి కాగితం మీద పెట్టింది. కూతురు రోజ్ దిద్దిపెట్టింది. మీ అమ్మ నాకు అట్లా ఏమన్నా దిద్దిపెడతాందా అంటే, ఫోన్లో మాట్లాడేదానికే టైము ల్యా.

ఏటిగట్టు పుస్తకం ఉంది, 1937లో వచ్చింది. దాంట్లో వాళ్లు గట్టును తొలిచిన మట్టింట్లో ఉంటారు. పైన కప్పు మీద గడ్డి మొలిచింటది. ఒకనాడు ఎద్దు ఆ కప్పు మీదికి నడిచొస్తే కాలు లోపలికి దిగబడి ఇంట్లో కనపడె! నాకు పొట్ట చెక్కలయ్యె. మన పాత మిద్దెలు గూడా మట్టివే గదా. దంతెల మీద కట్టెలు, ఆకు, దానిపైన చౌడు. ప్రతి యేడూ వానలకు ముందు కొత్త చౌడు పోయకుంటే పండుకున్న మొకం మీద కురుస్తాండె. మా మిద్దె మీదికి ఎద్దు ఎక్కలా గాని, పక్కింటి మేకపోతు ఎక్కి గవాచిలో కాలు పెట్టె. దాన్ని కిందినుంచి తొయ్యాల్నా, పైనుంచి లాగాల్నా అని సగం వీధి వాదించుకునె.

ఆ పుస్తకంలోనే మిడతలు వస్తాయి. ఎండలో మబ్బు పట్టినట్లయ్యి, మబ్బే కిందికి దిగి చేను తింటది. 1874 మొదలు నాలుగేండ్లు ఆ దిక్కంతా అట్లా తిన్నాయి. అప్పు చేసి కొత్తిల్లు కట్టినాడు లారా నాయన, గోధుమలు అమ్మి తీరుస్తామని. గోధుమా ల్యా, గడ్డీ ల్యా. పాత బూట్లతో తూర్పు దిక్కుకు వందల మైళ్లు నడిచిపోయి, వేరేవాళ్ల పొలాల్లో కోత కూలి చేసి డబ్బులు పంపె. ఇప్పుడు గూడా ఆదోని దిక్కు నుంచి ఇండ్లకు తాళాలేసి గుంటూరు మిరపకాయల కోతకు పోతారు చూడు, అదే నడక. ఇంగొకటి విచిత్రం: కోట్లకు కోట్లుండిన ఆ మిడత జాతి ముప్పై ఏండ్లు తిరక్కుండానే భూమ్మీద లేకుండా పోయె. 1902 తరువాత ప్రాణంతో చూసినోళ్లు ల్యారు. అవి గుడ్లు పెట్టే కొండ లోయల్ని సేద్యగాళ్లు దున్నినందుకే పోయినాయంటారు.

వాళ్లకు మిడతల బాధ తీరకముందే మనకు ధాత కరువు వచ్చె. 1876 నుంచి 78 దాకా. మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా బాగా దెబ్బతిన్న వాటిల్లో ఒకటి. మా అవ్వ వాళ్ల అవ్వ చూసిన కరువది. ఆమె ఇట్లా కూచోని చెప్పింటది, రాసిపెట్టినోళ్లు ల్యారు. లారాను చదివినప్పుడంతా నాకు ఆ కడుపుమంట.

'పొడుగు చలికాలం' అని ఉంది, నువ్వింకా చదివినట్టు ల్యావు. అన్నింటికన్నా అదే గొప్పది. 1880-81 చలికాలం, డకోటాలో డి స్మెట్ అనే చిన్న ఊరు. మంచు కురిసి రైలు నిలిచిపోతది. కట్టెలు ల్యావు, బొగ్గు ల్యా, పిండి ల్యా. గడ్డిని మెలేసి మెలేసి కట్టెల మాదిరి చేసి పొయ్యిలో పెడతారు. గోధుమలు కాఫీ గింజలు విసిరే చిన్న మరలో పోసి, ఇంటోళ్లంతా వంతులేసుకోని దినమంతా తిప్పితే ఆ పూటకు రొట్టె. చేతులు కొంకర్లు పోతాయి, ఆ మర శబ్దం మాత్రం నిలవదు. ఇసుర్రాయి తిప్పిన చేతులకు తెలుస్తదమ్మా ఆ శబ్దమేందో. మాయమ్మ కోడి కూయకముందే లేచి జొన్నలు విసురుతాండె. ఆ గరగర వినపడిందంటే ఆ పూట ఇంట్లో గింజ ఉందని లెక్క. ఇంగొకాయన విత్తనం గోధుమలు రెండో గోడ కట్టి మధ్యలో దాచిపెట్టింటాడు. ఆయప్పే తరువాత లారా మొగుడయ్యె.

ఆ ఊరి అంగడాయన కథ చెప్పకుంటే ఆ పుస్తకం చెప్పినట్టే గాదు. ఇద్దరు పిల్లోళ్లు మంచులో ప్రాణాలకు తెగించి పోయి ఒక రైతు దగ్గర గోధుమలు కొనుక్కొస్తారు. బుషెలు డాలరుం పావు. బుషెలంటే ముప్పై శేర్ల లెక్కనుకో. డబ్బిచ్చి పంపిన అంగడాయన దాన్ని మూడు డాలర్లకు అమ్ముతాననె. ఊరోళ్లంతా పోయి నిలదీస్తే, కొన్న ధరకే ఇచ్చె. నేను మా తరగతిలో ఇది చెప్పినప్పుడు వెంటనే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి కథ చెప్తాంటి. 1866 కరువులో గంజి కాచి, బువ్వ వండి వేల మందికి పెట్టినాయప్ప. ఆయన మీద కట్టిన పాటలు నా చిన్నప్పుడు బిచ్చమెత్తేటోళ్లు పాడతాండ్రి. ఎవరూ నిలదీయకుండానే గరిసెలు తెరిచినాడు. రెండు కథలూ పక్కపక్కన పెడితే పిల్లోళ్లు వాళ్లంతట వాళ్లే మాట్లాడేది, నేను ఒక్క ప్రశ్న అడగాల్సిన పని ల్యాకుండె.

మీ తాతకు ఇవన్నీ పట్టవు. ఆయనకు అమెరికా పడమర దేశమంటే గుర్రాలు, తుపాకులు, కృష్ణ. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పుడు ఎన్నిసార్లు చూసినాడో లెక్క ల్యా. కథ రాసింది ఆరుద్ర అంటే నాకు గూడా ముచ్చటేసె. కానీ ఆ సినిమాల్లో ఒక్క హీరో అన్నా పాలు పిండడు, బావి తవ్వడు, రేపటి పిండికి ఏం చేయాల్నని తలపట్టుకోడు. అన్నం ఎప్పుడు తిన్నాడో తెలీదు, గుర్రం ఎప్పుడు తిన్నదో అంతకన్నా తెలీదు.

పెద్దయినాక వేరేవాళ్లవి గూడా చదివినా. విల్లా కేథర్ అనే ఆమె నెబ్రాస్కా కథలు రాసింది. 1918లో వచ్చిన 'మై ఆంటోనియా'లో యూరపు నుంచి వచ్చిన ఒక కుటుంబం మట్టి గుహలో కాపురముంటది. ఆ పిల్ల నాయన వాళ్ల దేశంలో ఫిడేలు వాయించేటోడు. ఈ దేశానికి వచ్చినాక మళ్లా ముట్టుకోడు. భాష రాదు, సేద్యం రాదు. ఒక చలికాలం తుపాకితో కాల్చుకోని సచ్చిపోతాడు. శ్మశానంలో చోటియ్యరు. పొలం మూల పూడుస్తారు. తరువాత రోడ్లు ఏసినప్పుడు ఆ సమాధిని తొక్కకుండా దారి పక్కకు వంగి పోతది. నేను అది చదివిన కాలంలో మన దిక్కు పత్తి రైతులు పురుగు మందు తాగి పోతాండ్రి. నా తరగతిలో ఒక పిల్ల నాయన అట్లే పోయె. ఆ పిల్ల పదిరోజులు బడికి రాలా. వచ్చినాక ఆ పిల్ల ముందర ఈ కథ చెప్పలేక, వ్యాకరణం తీసి చెప్తి. రోల్వాగ్ అనే నార్వే ఆయన రాసిన నవల ఇంగొకటి ఉంది, 1927లో ఇంగ్లీషులోకి వచ్చె. దాంట్లో బేరెట్ అనే ఇల్లాలు ఆ ఖాళీ బయలును చూసి భయపడి, రాత్రైతే కిటికీలకు గుడ్డలు అడ్డం కడతది. మొగోళ్లకు అది కొత్త నేల, ఆమెకు మాత్రం దాక్కునేదానికి చెట్టు గూడా లేని తావు. ఆ పుస్తకాలన్నీ ధైర్యంగల మొగోళ్ల కథలని అట్టల మీద రాస్తారు. తీసి చదివితే ఆడోళ్లు గింజ ఎంచుకుంటా గడిపిన దినాల లెక్క.

నువ్వడిగినావే, ఇల్లు కట్టి, బావి తవ్వి, నాగలి పెట్టినాక ఎందుకు ఇడిచిపెట్టి పోయినారని. లారా నాయన ఇల్లు కట్టిన నేల ఆయనది గాదు, తల్లీ. 1862లో వాళ్ల సర్కారు ఒక చట్టం చేసె, ఐదేండ్లు ఉండి సేద్యం చేస్తే నూట అరవై ఎకరాలు సొంతమని. కానీ ఈ కాన్సాస్ ఇల్లు ఆ లెక్కలోకి గూడా రాదు. అది ఓసేజ్ అనే అక్కడి మూలవాసుల భూమి. వాళ్లింకా అమ్మలా. ఈయన 1869లో ముందే పోయి దిగె. 1871కంతా వెనక్కి మళ్లె. ఆ తరువాత ఓసేజోళ్లు గూడా ఓక్లహోమాకు పోవాల్సొచ్చె. 1935లో అచ్చయినప్పుడు ఆ పుస్తకంలో, ఆ దేశంలో మనుషులే లేరన్నట్టు, ఇండియన్లని పిలిచే ఆ మూలవాసులు మనుషుల లెక్క గానట్టు ఒక మాట ఉండె. చదివినోళ్లు ఒకరు ఉత్తరం రాసినాక 1953 అచ్చులో మార్చినారు. 2018లో లారా పేరు మీదుండిన పెద్ద బహుమానానికి గూడా పేరు తీసేసినారు. కొందరు మంచిదన్యారు, కొందరు అన్యాయమన్యారు. నేనైతే ఆ మాట దిద్దింది మంచిదే అంటా. ఆమె చూసింది ఆమె రాసె. చూడనిది ఉందని మనం చెప్పాల.

ఆ ఓసేజోళ్ల సంగతి చదివినప్పుడు నాకు తట్టింది చెంచోళ్లే. మా చిన్నప్పుడు సంతకు తేనె, కుంకుడుకాయలు తెచ్చేటోళ్లు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినాడు గదా, వాళ్లకు ఆయన అల్లుడు. కనుమ నాడు మొదలుపెట్టి నలభై దినాలు పారువేటకని స్వామి పల్లకి ఊరూరూ తిరుగుతది. రేపో మాపో మీరూ చూస్తారు. దేవుని అత్తగారోళ్లని దండం పెడతాం గాని, సంతలో తేనె కాడ అణా అణాకు బేరం చేస్తాంటిమి. అడవిలో వాళ్లు తిరిగిన తావు ఇప్పుడు పులులకని రాసిచ్చినారు. నల్లమల వారన చేలు చేసే మనం ఆ నేల మొదట ఎవరిదని యాడన్నా రాసుకున్యామా?

మనోళ్లకు గూడా అట్లా పోవాల్సొచ్చె. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊర్లు నీళ్లల్లో పోయె. 1981లో కదలనోళ్ల ఇండ్లు కూలగొట్టించినారు. మా పిన్నమ్మ వాళ్ల ఊరు దాంట్లోదే. చార్లెస్ కొనుక్కొచ్చిన కిటికీ అద్దాలు ఆ ఇంటికే ఇడిచి, నాగలి సాల్లోనే నిలబెట్టి పోయినాడంట. మా పిన్నమ్మ అట్లా కాదు. వాకిలి తలుపు, గడప, దూలాలు, అన్నీ పీకించి బండికెత్తించె. ఇసుర్రాయి గూడా. "పునాది రాళ్లు మాత్రం రాలా" అని సచ్చేదాకా గొణుగుతాండె.

పుస్తకం వాపసిచ్చెయ్యాల్నా అంటావా? ఎందుకు? చదువు. బావి కథ తమ్మునికి గూడా చదివి చెప్పు. కానీ దాని పక్కన ఇంగొకటి పెట్టుకో. లూయీస్ ఎర్డ్రిక్ అని ఓజిబ్వే జాతి ఆమె 1999లో 'ది బర్చ్‌బార్క్ హౌస్' రాసిందంట. సుపీరియర్ సరస్సులో ఒక దీవి, 1847, ఒమకయాస్ అనే ఏడేండ్ల పిల్ల. తెల్లోళ్లు బండ్లు కట్టుకోని వచ్చేటప్పుడు ఇవతల ఇంట్లో కూచోని చూసే పిల్ల. మీ అమ్మ చెప్పింది నాకు. పోయినాక అది తీసుకోని పంపు మే, అక్షరాలు పెద్దవి ఉండేది చూసి. మొన్నసారి పంపిన దాంట్లో అక్షరాలు ఆవగింజంత ఉండె, నా అద్దాలకు అందలా.